పశ్చాత్తాపం, మూడు కాపీలు

"నవ్వొస్తే నవ్వేయండి బాబాయ్, నేనేం అనుకోను. తప్పు చేశానని బాధపడటానిక్కూడా ఐదొందల పదాలుండాలని రూలు పెట్టారు. నాలుగొందలే రాస్తే బాధ తక్కువైనట్టట!"

నాకు నవ్వు రాలేదు. ఆ అమ్మాయి చేతిలోని కాగితాలు తీసుకుని జిరాక్స్ మిషన్ మూత ఎత్తాను. మెడికల్ కాలేజీ గేటుకి ఎదురుగా నా కొట్టు. పదకొండేళ్లుగా ఈ పిల్లల రికార్డులు బైండు చేస్తున్నాను. తీరిక దొరికితే చదువుతాను, అర్థం కాకపోతే వాళ్లనే అడుగుతాను. మిగతావాళ్లు తప్పించుకునేవారు గానీ, మూడో సంవత్సరం చదివే ఈ బస్సు డ్రైవరు కూతురు మాత్రం గుండెకి నాలుగు గదులెందుకో నా కౌంటరు మీదే పెన్సిలుతో గీసి చూపించింది.

స్నేహితులు ఆమెని 'రెండు నిమిషాలు' అని పిలుస్తారు. ఒక యాప్ వల్ల వచ్చిన పేరది. రోజుకోసారి, ఎప్పుడని చెప్పకుండా, అది మోగుతుంది. మోగిన రెండు నిమిషాల్లో ఎక్కడున్నవాళ్లు అక్కడే ఫొటో తీసి పెట్టాలి. ఎదురుగా ఉన్నదీ, తీసేవాళ్ల మొహమూ రెండూ పడతాయి. సింగారించుకునే వ్యవధి ఉండదు. ఈమె ఒక్కరోజూ ఆలస్యం చేయలేదు.

ఎందుకంత పిచ్చి అని ఒకసారి అడిగాను.

"పిచ్చి కాదు బాబాయ్. పొద్దున లేస్తే మాకు నటనే కదా! పేషెంట్ ముందు భయం కనపడకూడదు. మేడమ్ ముందు ఏడుపు కనపడకూడదు. తెలీదంటే దద్దమ్మ, తెలుసంటే పొగరుబోతు. ఆ రెండు నిమిషాలే నేను నాలా ఉండేది. జుట్టు రేగినా, పుస్తకం మీద చొంగ కార్చుకున్నా అదే పెట్టేస్తా. మా అమ్మ చూసి ఒకటే గోల, 'ఒసేయ్, తల దువ్వుకుని ఏడువు, నలుగురూ చూస్తారు' అని."

ఆడవాళ్ల వార్డులో పద్నాలుగో నంబరు బెడ్ మీద ఒక కుట్టుపని ఆవిడ ఉండేది. మొదటిరోజే ఈ అమ్మాయి తెల్లకోటు చూసి, "ఏమ్మా, ఇది నీదా, మీ నాన్నదా?" అని వేళాకోళం చేసింది. మర్నాడు కూతురి చేత సూదీ దారమూ తెప్పించుకుని, పడుకునే ఆ కోటు చేతులు మడిచి కుట్టిపెట్టింది. కడుపులో కేన్సర్ ఆవిడకి. ఇంక చేసేదేమీ లేదని డాక్టర్లు చెబితే, దణ్ణం పెట్టి ఒకటే అడిగిందట: "నెల్లాళ్లు ఆగండి బాబూ. మనవరాలి పరీక్షలున్నాయి. అవి కాగానే నా నోటితో నేనే చెప్పుకుంటాను." అందరూ సరేనన్నారు. ఇంట్లోవాళ్లకి అది అల్సర్. ఆ మనవరాలు కూడా డాక్టరు కావాలనుకుంటోంది. అమ్మమ్మే ఆ పిల్లని ఈ అమ్మాయికి పరిచయం చేసింది. ఆ సాయంత్రమే ఇద్దరూ యాప్‌లో స్నేహితులయ్యారు.

"మంగళవారం పదకొండింటికి డ్యూటీ రూములో ఉంటే మోగింది. తీశాను. పేషెంట్లెవరూ పడలేదు, ఒకటికి రెండుసార్లు చూసుకున్నా. టేబులు, చల్లారిన టీ గ్లాసు, గోడ. ఆ గోడ మీద బోర్డుంది బాబాయ్. రోజూ చూసీ చూసీ అదీ గోడలాగే అనిపించింది నాకు."

బోర్డు మీద బెడ్ నంబర్లు, ఒక్కో నంబరు పక్కన జబ్బు పేరు. పద్నాలుగు పక్కన కేన్సర్, నాలుగో దశ.

పావుగంటలో మనవరాలు చూసింది. గంటలో తల్లీకూతుళ్లిద్దరూ వార్డులో ఉన్నారు. "గోడల మీద రాసి లోకానికంతా చూపిస్తారు, కన్నకూతుర్ని, నాకు చెప్పరా?" అని కూతురు పెట్టిన కేకలకి పక్క వార్డులోంచి కూడా జనం వచ్చారట. మనవరాలు మర్నాటి పరీక్షకి వెళ్లలేదు.

"పెద్దావిడ నన్ను తిడుతుందనుకున్నా. తిడితే బాగుండేది. నా వంక చూసి, 'నా మాట నేను చెప్పుకుందామనుకున్నానే' అంది. అంతే. అటు తిరిగి పడుకుంది."

కాలేజీ వాళ్లు నెలరోజులు వార్డులోకి రావద్దన్నారు. జరిగినదాని మీద ఆత్మపరిశీలన రాసివ్వమన్నారు. రాసిచ్చింది. మేడమ్ చదివి, చాలా నిజాయితీగా ఉంది, జూనియర్లకి నమూనాగా పనికొస్తుంది, మూడు కాపీలు పట్రా అన్నదట.

మిషన్‌లోంచి వస్తున్న కాగితం తీసి చదివాను. ఎక్కడా వంక పెట్టడానికి లేదు. ఏం జరిగింది, ఏమనిపించింది, ఏం నేర్చుకున్నాను అని వరుసగా మూడు భాగాలు. కుట్టుపని ఆవిడ అందులో 'ఒక వృద్ధ రోగి'. 'ఈ అనుభవం నన్ను మెరుగైన వైద్యురాలిగా తీర్చిదిద్దుతుంది' అన్నది ఆఖరి వాక్యం.

"బాగుంది కదూ? ఆవిడ పోతోంది, నేను మెరుగవుతున్నాను." కౌంటరు అంచు పట్టుకుని నిలబడింది. "ఇందాక మీకూ అబద్ధం చెప్పాను బాబాయ్. ఒకటికి రెండుసార్లు చూసుకున్న మాట నిజమే. పేషెంట్ల కోసం కాదు. నా మొహం చూసుకున్నా. అలిసిపోయినట్టు కనపడుతున్నానా లేదా అని. ఆవలింత సరిగ్గా పడలేదని మళ్లీ తీశాను. మొదటిసారి తీసినదాంట్లో బోర్డు సగమే పడింది, పద్నాలుగు పడలేదు."

"ఆ ముక్క ఇందులో రాయకపోయావా అమ్మా?" అన్నాను.

"రాస్తే ఇంకా బాగుందంటారు. నాలుగు కాపీలు తెమ్మంటారు. అది కూడా ఫొటోకి మొహం పెట్టినట్టే అయిపోతుంది. ఏం చేసినా అలాగే అవుతోంది బాబాయ్. ఏడుస్తూ కూడా, ఎలా ఏడుస్తున్నానో చూసుకుంటున్నా. ఇలాంటిదాన్ని డాక్టరై ఎవర్ని ముట్టుకోను?"

"యాప్ తీసేశావా?"

"ఆరోజే తీసేశా. ఏం లాభం? నన్ను నేను తీసేసుకోలేను కదా."

కాగితాలు మూడు కట్టలుగా పిన్ను కొట్టి ఇచ్చాను. తీసుకుని కూడా కదలలేదు. రోడ్డుకి అవతలున్న గేటువైపే చూస్తోంది.

"మనవరాలు ఆవిడతో మాట్లాడటం మానేసిందట. అమ్మమ్మ తన దగ్గర దాచిందని కోపం. ఆవిడకి రెండు మూడు వారాలు కూడా ఉండకపోవచ్చు. నాలుగింటికి చూడ్డానికొచ్చేవాళ్లని వదుల్తారు. ఆ పిల్లా వస్తుంది, తల్లికి తోడుగా. బాబాయ్, మీరొకసారి వెళ్లొస్తారా? రెండో అంతస్తు, కుడిచేతివైపు, కిటికీ పక్క బెడ్. నేను పంపానని అనొద్దు. క్షమించమనీ అడగొద్దు. ఎవరికోసమో వచ్చినట్టు కాసేపు నిలబడి, ఆ ఇద్దరూ మాట్లాడుకుంటున్నారో లేదో చూసి రండి. లేకపోతే లేదనే చెప్పండి, నన్ను చూసి జాలిపడి మార్చకండి. వెళ్లండి, కొట్టు నేను చూసుకుంటాను."