మైకుకి గంజి గుడ్డ

మా ఇంటి మైకు ప్రార్థన కూటానికి కొన్నది. కూటం లేని రోజున దాన్ని బీరువాలోంచి బయటికి తియ్యనివ్వను. ఆమధ్య నా మనవరాలు నన్నడక్కుండా తీసి, మౌత్ ఆర్గాన్‌కి అడ్డం పెట్టుకుని వాయిస్తోంది.

ఆ పిల్ల బెజవాడలో ఒక ల్యాబులో ఉద్యోగం చేస్తుంది. ఆ ఊళ్ళో ఒక బ్యాండులో చేరతానని వెళ్తే, వాళ్ళు దాని వాయింపు విని, "బాగుంది కానీ ఈల వేసినట్టుంది" అన్నారట. శనివారం ఇంకోసారి వింటామన్నారు. అప్పటికీ అలాగే ఉంటే వద్దన్నట్టే. పిల్ల సరిగ్గా అన్నం తినడం లేదు.

"ఇది మాట్లాడే మైకు అమ్మమ్మా. అంతా శుభ్రంగా వినిపిస్తుంది. బ్లూస్‌కి బొంగురుగా, గరగరలాడుతూ రావాలి. దానికి వేరే మైకుంటుంది, ఆర్డర్ పెడతా."

"ఇది పనిచేస్తోందా?"

"చేస్తోంది. అదే బాధ."

పనిచేసే వస్తువుండగా ఇంకోటి కొనడం నా ఇంట్లో జరగదు. బ్లూస్ అంటే ఏమిటే అన్నాను. అమెరికాలో నల్లజాతి వాళ్ళు తమ కష్టాలు పాడుకున్న పాటలట. ఫోన్లో ఒకటి వినిపించింది. జలుబు చేసిన మనిషి తలుపు వెనక నుంచి పోట్లాడుతున్నట్టుంది. సరే, ఏం కావాలో తెలిసింది.

పిల్ల మైకు జాలీ మూత తిప్పి తీసి, లోపలి స్పాంజి పీకింది. జాలీ వెనక వైపంతా టేపు చుట్టింది. ఈల తగ్గింది గానీ గరగర రాలేదు. నేను పాత నూలు చీర గుడ్డ మడతలు మడతలుగా వేసి, ఆవకాయ జాడీ మూతికి వాసెన కట్టినట్టు బిగించి కట్టాను.

ఊదింది. దుప్పట్లో మూలిగినట్టు వచ్చింది.

"నిలవ పెట్టమనలేదే అమ్మమ్మా, వాయించాలి."

ఒక్క పొరే ఉంచాను. ఆ పూట చీరలకి గంజి పెడుతున్నాను గనక గుడ్డని కూడా ముంచి, జాలీ మీద లాగి కట్టి ఎండలో పెట్టాను. ఆరి అప్పడంలా బిగుసుకుంది. రెండు చేతులతో మైకునీ మౌత్ ఆర్గాన్‌నీ కలిపి మూసి ఊదితే, గుడ్డ అదిరి స్పీకరు గర్రుమంది. "మిక్సీ పాడైందా అండీ?" అని పక్కింటావిడ వచ్చింది. మనవరాలు ఎగిరి గంతేసింది.

శనివారం నేనూ వెళ్ళాను. మైకు నాది. మా ఇబ్రహీంపట్నం నుంచి బెజవాడ దాకా సిటీ బస్సులో దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

మొదటి పాటకి గిటారు అబ్బాయి తలెత్తి చూశాడు. రెండో పాట సగంలో ఊపిరి తడికి గంజి మెత్తబడి గుడ్డ జారింది. మళ్ళీ ఈల. పిల్ల మొహం పాలిపోయింది. ఆపేసింది.

"ఇస్త్రీ పెట్టె ఉందా బాబూ?" అన్నాను.

"ఇక్కడెందుకుంటుందండీ?"

నా ఒంటి మీది చీర గంజి పెట్టిందే. తడి గుడ్డ పీకేసి, కొంగు మైకు మీదకి లాగి, రెండు వైపులా బిగించి పట్టుకున్నాను. "ఊదవే" అన్నాను. పాటంతా దాని భుజానికి ఆనుకుని అలాగే నిలబడ్డాను. ఆ బొంగురు శబ్దం చివరిదాకా వచ్చింది.

"ఈవిడ కూడా బ్యాండులోకేనా?" అన్నాడు డ్రమ్ములబ్బాయి.

"కాదు. మైకు ఓనరు," అంది మనవరాలు.

పిల్లని చేర్చుకున్నారు. స్టేజీ మీద నేను ఉండకూడదట. అందుకని ఇప్పుడు వాయించాల్సిన రోజున పొద్దున్నే తనే గంజి కాచుకుని, గుడ్డలు ఆరేసుకుని, డబ్బాలో పెట్టుకుని వెళ్తుంది. పల్చగా కాస్తుంది. చెప్తే వినదు.