పసుపు తిరిగిన నీళ్లు

మా పెరట్లో వేసిన బోరులో గంగ పడిన రోజున అన్న మొదటి దోసెడు నీళ్లు తానే తాగి, "తియ్యగుండాయి!" అని వీధికంతా వినిపించేలా అరిచాడు. మా వైపు నీటిని నాలుకతోనే తేలుస్తారు. ఉప్పగా ఉంటే పశువులకు, తియ్యగా ఉంటే మనుషులకు. ఆ పూటే అన్న, ఆటోలో వచ్చే నీళ్ల క్యాన్లు ఇక వద్దని చెప్పేశాడు. అప్పుడే పాలు మానిన అన్న కూతురికి కూడా ఆ బోరు నీళ్లే పట్టాలని నిర్ణయమైంది.

మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చినదాన్ని నేనొక్కతెనే. అనంతపురం కాలేజీలో రసాయనశాస్త్రం చివరి ఏడాది చదువుతున్నాను. ప్రయోగశాలలో మాకు పేరు చెప్పని తెల్లని పొడి ఇచ్చి, అందులో ఏ అయాన్లు ఉన్నాయో కనిపెట్టమనేవారు. అలవాటుకొద్దీ మా నీళ్లు కూడా ఒక సీసాలో పట్టుకుపోయాను. సిల్వర్ నైట్రేట్ చుక్కలు వేశాను. క్లోరైడ్ ఎక్కువగా ఉంటే పాలు విరిగినట్టు తెల్లని ముద్ద కట్టాలి. మా నీళ్లలో సన్నని మసక తప్ప మరేమీ రాలేదు. నాకు సంతోషం కలిగింది.

"ఫ్లోరైడ్ చూశావా?" అని మేడం అడిగారు.

చూడలేదు. క్లోరైడ్, బ్రోమైడ్, అయోడైడ్ ఒకే ఇంటి అన్నదమ్ములు. ముగ్గురూ సిల్వర్ నైట్రేట్‌కు చిక్కుతారు. నాలుగోవాడైన ఫ్లోరైడ్ మాత్రం కరిగిపోయి, ఏ జాడా చూపకుండా ఉండిపోతాడు. వాడికి రుచీ ఉండదు, వాసనా ఉండదు. వాడిని పట్టడానికి జిర్కోనియం, అలిజరిన్ కలిపిన ఎర్రని ద్రావణం కావాలి. ఫ్లోరైడ్ తగిలితే ఆ ఎరుపు విరిగి పసుపవుతుంది.

ఒక నాళికలో స్వేదనజలం, మరో నాళికలో మా నీళ్లు పోసి, రెండింటిలోనూ ఆ ద్రావణం వేశాను. మొదటిది ఎర్రగానే నిలిచింది. రెండోది కాసేపటికి, ఎవరో లోపలి నుంచి ఎరుపును తాగేస్తున్నట్టుగా వెలిసి, పసుపు తిరిగింది.

మేడం నాళికను వెలుతురుకు పట్టి చూశారు. "ఎక్కడి నీళ్లివి?"

"మా ఇంటివే మేడం."

"ఇంట్లో పిల్లలున్నారా?"

ఆ ప్రశ్న ఎందుకు అడిగారో నాకు వెంటనే అర్థమైంది. బస్సులో, చెరువు గట్టు మీద, పింఛను వరుసలో చూసిన మనుషులు గుర్తుకొచ్చారు. గార పట్టిన పళ్లు, తిరగని మెడలు, నడుము ఎత్తలేక నేలనే చూస్తూ నడిచేవాళ్లు. వాళ్లను మేము వాతం మనుషులనే అనుకున్నాం.

అన్న కూతురుందని చెప్పాను. "ఈ పరీక్ష ఫ్లోరైడ్ ఉందని చెప్తుందే కానీ, ఎంత ఉందో చెప్పదు. కొలవడానికి పంపిస్తాను. అంతవరకూ పాపకు మాత్రం పట్టకండి," అన్నారు మేడం.

నోటిమాటను మా వాళ్లు నమ్మరని, ఆమె అనుమతితో రెండు నాళికలూ కాస్త ద్రావణమూ జాగ్రత్తగా మూసి ఇంటికి తెచ్చాను. పాపను దూరంగా ఉంచి, అరుగు మీద పరీక్ష చేసి చూపించాను. నాయన, అన్న, వదిన, అవ్వ అందరూ ఉన్నారు. పక్కింటావిడ కూడా వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది. కుంకుమ కలిపినట్టున్న నీళ్లు అందరూ చూస్తుండగానే పసుపు తిరిగాయి.

అవ్వ రెండు చేతులూ జోడించింది.

"పసుపు! సూడండ్రా, కుంకుమ పెడితే పసుపు ఇచ్చినాది తల్లి. గంగమ్మ మనింటికి ఒప్పుకొని వచ్చినాది!"

"అవ్వా, అది మంచి గుర్తు కాదు. ఆ రంగు వస్తే..."

"పసుపు యాడన్నా చెడ్డదైతాదా? సదువుకొని ఏం నేర్చుకొంటివే?"

పక్కింటావిడ నవ్వింది. "మీ పిల్ల కాలేజీ మందేసి పరీచ్చ జేసినాది గదా. ఇంగేం గావాల! మేము గూడా రెండు బిందెలు పట్టుకొంటామప్పా."

"పట్టుకోండక్కా," అన్నాడు అన్న, ఆనందంతో.

"అన్నా, పళ్లు పాడైతాయి, ఎముకలు పాడైతాయి. పాపకు వద్దు!"

"నాయనకు పళ్లు గారెక్కలేదా? ఏమైనాడప్పా, మడక దున్నలేదా?" అన్నాడు అన్న.

నాయన అరుగు మీద నుంచి లేవడానికి స్తంభం పట్టుకున్నారు. మెడ తిప్పలేక ఒళ్లంతా తిప్పి నా వైపు చూశారు. ఆ కదలికను చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉన్నాను. దాని పేరు వాతం కాదు, ఫ్లోరైడ్ అని ఆ రోజే తెలిసింది.

నేను హాస్టల్‌కు వెళ్లిన వారం తిరిగేసరికి మా బోరుకు పసుపు బోరు అని పేరొచ్చింది. అది నా పరీక్ష పెట్టిన పేరు. పొద్దున్నే బిందెల వరుస మా గుమ్మం దాటి వీధి మలుపు దాకా ఉండేదట. కొనేవాళ్లు లేక క్యాన్ల ఆటో మా వీధికి రావడం మానేసింది.

వదిన ఒక్కతే నా మాట సగమైనా నమ్మింది. నేను హాస్టల్ నుంచి ఫోన్ చేసినప్పుడు గొంతు తగ్గించి, "నువ్వేం బయపడాకమ్మా. పాప నీళ్లు నేను బాగా కాగబెడతాండా. నువ్వు మంచిది గాదన్నావని ఇంగా ఎక్కువసేపే, బిందె నీళ్లు సగమయ్యేదాంక," అంది.

"వదినా, కాగబెడితే నీళ్లే ఆవిరైపోతాయి. అది పోదు. ఉన్న నీళ్లలో ఇంకా చిక్కబడుతుంది."

అవతల బిందెలు తగులుకుంటున్న చప్పుడు, ఆడవాళ్ల నవ్వులు వినిపించాయి. కొలతల ఫలితం ఇంకా రాలేదు. వచ్చినా దాన్ని ఎవరికి చదివి వినిపించాలో నాకు తెలియలేదు.

"మరి పాపకు ఏం పొయ్యాలమ్మా?" అని వదిన అడిగింది. "వీదిలో ఇంగ వేరే నీళ్లు లేవు గదా."

అంతలో పాప ఏడుపు వినిపించింది.

"ఉండు, దప్పికనేమో," అని వదిన ఫోన్ పక్కన పెట్టింది. గ్లాసులోకి నీళ్లు వంచిన చప్పుడు వినిపించింది. ఏడుపు ఆగిపోయింది.