చెరకు తోటలో గుండ్రం

మాఘమాసం, బుధవారం, పొద్దున ఏడుంబావు. మరునాడు నా కొడుకు బిడ్డకు యూనివర్సిటీలో ఆఖరి పరీక్ష. పెద్దల ముందు నిలబడి ఐదేళ్ళ చదువు ఒప్పజెప్పాలి. వాళ్ళలో ఒకాయన లెక్కలు లేకుండా మామూలు మాటల్లో చెప్పమంటాడట. ఆ మాటలే ఆమెకు దొరకడం లేదు.

వాకిట్లో నాకు చెప్పి చూసింది.

"తాతా, ఉబ్బిన సంచి ఒకటి అనుకో. దాని తోలు లోపలికి జరుగుతుంటది. వంపు ఎక్కువున్న కాడ జల్ది, తక్కువున్న కాడ నిమ్మళంగ. మామూలు జాగల గుండ్రంగయి మాయమైతది. నా జాగ వేరే. ఆ జాగల దూరం అన్ని దిక్కుల ఒక్క తీరుగ ఉండదు."

ఆమె రాసుకున్న కాగితం తీసుకున్నాను. యాభై దాటాక అక్షరాలు నేర్చినవాణ్ని. కూడబలుక్కొని చదివాను గాని తలకెక్కలేదు.

"నీకే సమజ్ కాలే. నాకేం చెప్తవ్?" అన్నాను.

"పిల్ల నిన్నటి సంది బువ్వ తింటలేదు. గట్లనా అనేది?" అని నా భార్య కసిరింది. ఊరికే మెచ్చుకొని పంపితే అక్కడ నవ్వులపాలు కాదా అని నా భయం.

అంతలో కాలువ అవతలి రైతు వచ్చాడు. ఎప్పుడో వాళ్ళ తాత కాలంలో కోస్తా నుంచి వచ్చినా ఆ యాస ఇంకా పోలేదు. "పెద్దాయనా, మీ దూడ మా చెరకులో దూరిందండి!"

మా తమ్ముణ్ని కూడా పిలుచుకొని పోయాం, ఆ రైతు భార్యా వచ్చింది; అందరం తోట చుట్టూ నిలబడ్డాం. దూడ చుట్టూ గుండ్రంగా, సందు పడకుండా లోపలికి రావాలి గనుక నేను కేకేశాను: "బయటికి పొడుచుకొచ్చినోళ్ళు జల్ది నడువుర్రి! సమంగున్నోళ్ళు మెల్లగ!"

సాళ్ళ వెంట వచ్చినవాళ్ళు ఇట్టే వచ్చేశారు. సాళ్ళకు అడ్డం వచ్చినవాళ్ళకు అడుగు పడలేదు.

"ఏడిది గుండ్రం, అన్నా? వాళ్ళు దూడ మూతి కాడున్నరు, నేనింక గట్టు మీదనే ఉన్న!" అని మా తమ్ముడు అరిచాడు. ఆ సందులోంచి దూడ జారుకొని మళ్ళీ చెరకులోనే దూరింది.

మనవరాలు సాళ్ళను ఒకసారి నిలువునా, ఒకసారి అడ్డంగా చూసింది. తర్వాత ఆమే కేకేసింది. "సాళ్ళ వెంట వచ్చేటోళ్ళు దూరం పోర్రి! అడ్డమొచ్చేటోళ్ళు దగ్గర్నే నిలబడుర్రి! గీ చెర్కుల గదే గుండ్రం!"

ఈసారి అందరం ఒక్కసారే చేరాం. దూడ దొరికింది.

"మరి నీ సంచి?" అన్నాను.

"గంతే తాతా. మన కండ్లకు పొడుగ్గ కనవడ్తది. ఆ జాగల గదే గుండ్రం. గట్లనే ఉండుకుంట చిన్నగయి మాయమైతది."

"గిప్పుడు సమజైంది. రేపు గిదే చెప్పు."

మరునాడు ఆమె దూడ సంగతే చెప్పింది, పెద్దలు ఒప్పుకున్నారు. ఇదంతా చూసిందెవరమ్మా అని, మామూలు మాటల్లో చెప్పమన్న ఆయన నవ్వుతూ అడిగాడట. చూసినవాళ్ళం ఆరుగురం: నేను, నా భార్య, మనవరాలు, మా తమ్ముడు, కాలువ అవతలి రైతు, ఆయన భార్య.