తాతయ్య జేబు గడియారానికి రాసిన చీటీ

ఖాయంగా తెలిసినది తక్కువ. గడియారం మా తాతయ్యది. ఆయన పల్లెటూరి మిషన్ బడిలో టీచరు. ఆదివారాలు కోటు వేసుకుని, దాని మీద గొలుసు కనబడేలా చర్చికి వెళ్ళేవాడు. ఇది మా మేనత్త కళ్ళారా చూసింది. ఒక ఫొటో కూడా ఉంది. గడియారం మేలిమి బంగారమనీ, మిషనరీ దొర తన జేబులోంచి తీసి బహూకరించాడనీ అనేవి విన్న మాటలు.

బంగారం సంగతి సులువుగానే తేలింది. నేను కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పినవాణ్ణి. భూతద్దంతో చూస్తే మూత అంచున పూత అరిగి ఇత్తడి బయటపడి ఉంది. రోల్డ్ గోల్డ్. మూత చుట్టూ చెక్కిన ద్రాక్షతీగ మాత్రం నిజంగా గొప్ప పనితనం; ఒక్కో ఆకుకీ ఈనెలున్నాయి.

దొర సంగతే తేలలేదు. మొన్న వేసవిలో మా చర్చివాళ్ళు పాత వస్తువులు పెట్టడానికి గాజు బీరువా చేయించారు. గడియారం ఇస్తానని మాటిచ్చిన అత్త, దాని పక్కన ఉంచే చీటీ రాయమని నన్ను బ్రాడీపేటలోని తన ఇంటికి పిలిచింది. రాసి, చదివి వినిపించాను.

“దొర ఏడిరా?” అంది.

“ఆధారం లేదత్తా.”

“నువ్వు మీ నాన్న కొడుకువని ఆధారం ఉందా?”

“ఉంది. మున్సిపాలిటీ వాళ్ళిచ్చారు.”

అత్త నవ్వలేదు. “ఆ ఊళ్ళో గొలుసు గడియారం పొగాకు షావుకార్లకే ఉండేది. దొర పేరు తీసేస్తే, మిరపకాయలు కోసే కూలోళ్ళ బిడ్డకి ఇది ఎక్కడిదని అడగరా?”

దొంగసొత్తు అనుకుంటారని ఆమె భయం.

“జీతంతో కొనుక్కున్నాడేమో” అన్నాను.

“కొనుక్కుంటే ఇంట్లో చెప్పడా?”

“పోనీ, దొర ఇచ్చాడని తాతయ్య నీతో అన్నాడా?”

“మా అమ్మ అనేది. అదే రాయి. ఆవిడ అబద్ధమాడే మనిషి కాదు.”

‘దొరగారు బహూకరించారని ఈయన భార్య చెప్పేవారు’ అని చేర్చాను. అత్త రెండుసార్లు చదువుకుని, గడియారంతో పాటు పాస్టరు గారికి అందజేసింది.

ఇచ్చినదెవరన్న ప్రశ్న అలాగే ఉంది. వెనక మూత మధ్యలో పేరు చెక్కడానికి వదిలిన కోలగుండ్రటి చోటు ఖాళీగా ఉంది. అక్కడ పూత పలచబడింది. అది మొదటినుంచీ ఖాళీయేనా, ఏళ్ళ తరబడి గుడ్డతో రుద్దడం వల్ల పేరు అరిగిపోయిందా అన్నది కంటితో చూసి చెప్పలేం. యాసిడ్ పెడితే అరిగిన అక్షరాల జాడ తేలవచ్చు. కానీ మిగిలిన పూత దిగిపోతుంది, పక్కనున్న తీగా దెబ్బతింటుంది. అందుకే ఆ పరీక్ష చేయలేదు.