అలెగ్జాండ్రియా సభామందిరం, తిరుపతి సత్రం

నా మొదటి సెమినార్‌లో మా విభాగాధిపతి నవ్విన నవ్వు నాకింకా గుర్తుంది. డెబ్భైల చివర, తిరుపతిలో ఎం.ఫిల్. చేస్తున్నాను. పూర్వకాలంలో సొంత దేశం వదిలి ఈజిప్టులోనూ రోములోనూ స్థిరపడిన యూదులు అక్కడ కట్టుకున్న సభామందిరాల మీద పరిశోధన చేస్తానన్నాను. అందరికీ సులభంగా తెలుస్తుందని వాటిని ‘యూదుల గుళ్ళు’ అన్నాను. అక్కడే పట్టుకున్నాడాయన.

"మూలవిరాట్టు ఎవరమ్మా?"

"విగ్రహం ఉండదు సార్."

"ఉత్సవాలకు ఊరేగించేదన్నా ఉండాదా?"

"లేదు సార్."

"ఉత్త పళ్ళేనికి హారతి పడతావా తల్లీ! తిరుపతిలో కూర్చోని మనకేల ఇది? చంద్రగిరి దగ్గర గుళ్ళు లేవా?"

గదంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది ముందు రోజు నా దగ్గర పుస్తకం అడిగి తీసుకెళ్ళిన మనిషే. ఆ పుస్తకం నాకింకా తిరిగి రాలేదు. వచ్చే శుక్రవారం మరోసారి మాట్లాడమన్నారు. అప్పుడూ ఒప్పించలేకపోతే విషయం మార్చుకోవాల్సిందే. మార్చుకోనని అక్కడే చెప్పాను.

నా ప్రసంగం వినాలని చిత్తూరు నుంచి వచ్చిన నాయన వెనక బెంచీలో కూర్చుని అంతా విన్నాడు. బయటికొచ్చేసరికి జోరు వాన. రోడ్డుమీద నీళ్ళు నిలిచి బస్సులు ఆగిపోయాయి. ఎదురుగా కనిపించిన సత్రంలో గది అడిగాం.

"మీరు యాడోళ్ళు?" అన్నాడు మేనేజరు.

"చిత్తూరు. బెల్లం మండీ," అన్నాడు నాయన.

"ఇది మగ్గమోళ్ళ సత్రమప్పా. మీ యాపారస్తులది రైలు కట్టకు ఆపక్క ఉండాది. వాన నిలిచినాక పోండి."

కూర్చోమని కూడా అనలేదు. నాయన పైగుడ్డ పిండుకుంటూ, "వానకు లేదు గానీ సత్రానికి కులముండాది, సూసినావా అమ్మణ్ణీ," అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఒకే రోజు రెండు గుమ్మాల దగ్గర అవమానం.

అరుగు మీద నిలబడే ఉన్నాం. కంచి నుంచి ఒకతను భార్యనూ ఇద్దరు పిల్లలనూ వెంటబెట్టుకుని తడిసి వచ్చాడు. ఊళ్ళో పని లేదట.

"మగ్గం మింద ఏం నేస్తావు?" అడిగాడు మేనేజరు.

"సరిగంచు సీరలన్నా."

అంతే. పిల్లలకు లోపల్నుంచి చారన్నం వచ్చింది. స్తంభానికి ఆనుకుని కూర్చున్న పెద్దాయన లేచి వచ్చాడు. "వడమాలపేటలో మా బావ మగ్గం ఒగటి కాలీగా ఉండాది. పొద్దున్నే నాతో రా అబ్బా."

నాకు ఒళ్ళు మండిపోయింది. మేమూ తడిసినవాళ్ళమే కదా! ఆ మంటలోనే నేను చదివిన విషయం ఒకటి తళుక్కుమంది. అలెగ్జాండ్రియాలోని పెద్ద సభామందిరంలో కంసాలులు ఒకచోట, కమ్మరులు ఒకచోట, నేతగాళ్ళు ఒకచోట కూర్చునేవారట. పరదేశి ఎవరైనా పేదవాడు లోపలికొస్తే తన పనివాళ్ళను గుర్తుపట్టి వాళ్ళ దగ్గరికి వెళ్ళేవాడు. అతనికీ అతని ఇంటిల్లిపాదికీ అక్కడే బతుకుతెరువు దొరికేది. యూదుల ప్రధాన గుడి జెరూసలేంలో ఉండేది. పరాయి ఊళ్ళలో వాళ్ళు కట్టుకున్న ఈ సభామందిరాలు గుళ్ళు కావు. కలిసి చదువుకుని, ప్రార్థన చేసుకుని, వచ్చినవాళ్ళకు ఆసరా ఇచ్చే ఇళ్ళు. దేవుడెక్కడున్నాడని అడిగితే నేను జవాబు వెతుక్కోవడం ఏమిటి? ఆ ఇంటికి ఎవరొచ్చారో, వాళ్ళకేం దొరికిందో చెప్పాలి.

నాయనకు చెప్పాను. "మరి బెల్లమోళ్ళు యాడ కూర్చునేది?" అన్నాడు.

"అది రాయలేదు నాయనా."

"రాసుండరులే. మనల్ని ఎవురు పట్టించుకుంటారు!"

శుక్రవారం ‘గుడి’ అన్న మాట నా నోట రాలేదు. సత్రం అరుగుతో మొదలుపెట్టాను. మేనేజరు కూర్చోమనలేదన్న సంగతీ వదల్లేదు. కంచి నేతగాడి మీదుగా అలెగ్జాండ్రియాకు వెళ్ళాను. ఆ మందిరం ఎంత పెద్దదంటే, ప్రార్థన చదివే గొంతు వెనకవాళ్ళకు వినిపించేది కాదు. మధ్యలో చెక్క వేదిక మీద ఒక మనిషి నిలబడి గుడ్డ ఊపితే జనమంతా ఒక్కసారిగా ‘ఆమేన్’ అనేవారని చెప్పాను.

ఎవరూ నవ్వలేదు. విభాగాధిపతి కళ్ళద్దాలు తీశాడు.

"బ్రమ్మోత్సవాల్లో ముందరోళ్ళు గోవిందా అంటే వెనకోళ్ళు అందుకుంటారు గదమ్మా. వాళ్ళట్లా అందుకోలేరా? గుడ్డెందుకు?"

"ముందు ఏం చదివారో వినపడకపోయినా, అందరూ ఒకేసారి జవాబివ్వాలి సార్."

"ఆ గుడ్డ ఊపేటోడు పూజారా?"

"కాదు సార్. మందిరం పనులు చూసే మనిషి."

"ఆడోళ్ళు యాడ కూర్చునేది?"

"ఆ వర్ణనలో చెప్పలేదు సార్. వెతకాలి."

"మరి వెతుకు," అన్నాడాయన. మిగిలినవాళ్ళు భోజనానికి లేచినా ఆయన లేవలేదు. కుర్చీ నా వైపు తిప్పుకుని రోము గురించి అడగడం మొదలుపెట్టాడు. మొన్న నవ్వినందుకు మాత్రం ఏమీ అనుకోవద్దని అనలేదు. నేనూ మరిచిపోలేదు. అయినా ఆకలి సంగతి పక్కనపెట్టి రోము సంగతులు చెబుతూనే ఉన్నాను.