ఎర్తు గుంటకు బిందెడు నీళ్లు

మోటారు డబ్బాకు బొట్లు పెట్టి నిమ్మకాయలు కట్టే మీరు, దాని పక్కనున్న ఎర్తు గుంటలో ఎప్పుడైనా ఒక బిందె నీళ్లు పోసినారా?

మొన్న గుత్తి దగ్గర ఒక తోటలో అలాంటి డబ్బాను చూడగానే అరవైల నాటి మా బావి గుర్తొచ్చింది. అది కరువు ఏడాది. డబ్బా ఇనుములోకి దిగిన కరెంటును భూమిలోకి పంపే గుంట నెర్రెలిచ్చింది.

"గుంట తడపాలక్కా, లేకుంటే డబ్బా ముట్టుకున్నోడు బతకడు" అన్నాడు లైన్‌మన్.

"తాగేదానికే లేవప్పా, గుంటకు యాడ తెచ్చేది? దానికి దప్పిగొంటే నీ కరెంటే తాగమను" అంది అమ్మ.

వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే నిరోధం వస్తుందని అప్పుడే బడిలో నేర్చుకున్నాను. మట్టి ఎండితే నిరోధం పెరుగుతుంది, కరెంటు తగ్గుతుంది, మంచిదే కదా అనుకున్నాను. భూమిలోకి ఒకటి రెండు ఆంపియర్లే పోతే ఫ్యూజు కాలదనీ, డబ్బాలో కరెంటు అలాగే కాచుకుని ఉంటుందనీ మాకెవరూ చెప్పలేదు.

ఒకరోజు నాయన తమ్ముడు, మా చిన్నాయన, చెమట చేత్తో డబ్బా పట్టుకున్నాడు. మళ్లీ లేవలేదు.

"అమ్మోరు కోపం మింద ఉండాది" అన్నారు ఊళ్లో. ఇంటికో బిందె తెచ్చి ఆమె రాతి మీద కుమ్మరించారు. అన్ని నీళ్లు ఊళ్లో ఉన్నాయని ఆరోజే తెలిసింది. గుంటలో మాత్రం ఎవరూ చుక్క పోయలేదు.

ఇన్నేళ్ల చదువులూ, మాలాంటి చదువుకున్నవాళ్ల వాదాలూ రాతికి పోసి గుంటను మరిచే ఆ అలవాటును కదిలించలేకపోయాయి. ఇది చదివి తలూపకండి. లేచి పోయి, మెయిను ఆపి, మీ గుంట తడపండి.