మూల మిగిలింది బక్కమ్మా

ఊరి పేరు చెప్పనక్కర్లేదు, దుమ్ము చూపిస్తే చాలు, ఏ ఊరిదో బక్కమ్మ చెప్పేస్తుంది. మిర్యాలగూడది బూడిద రంగు. రైస్ మిల్లుల పొగగొట్టాల్లోంచి రాలే ఊక బూడిద అది, చేతికి మెత్తగానే తగులుతుంది గానీ గాజును గీరేస్తుంది. ఇరవై ఏళ్ల కింద ఓ మిల్లు ఆఫీసులో పనికి కుదిరిన మొదటి రోజే పొడిగుడ్డతో కిటికీని బరబరా రుద్ది, గాజు నిండా గీతలు పెట్టి, కడుపునిండా తిట్లు తిని ఆ సంగతి తెలుసుకుంది. కోదాడది జిడ్డు దుమ్ము. బస్సులాగే హోటల్లో నాలుగేళ్లు అద్దాలు తుడిచింది. బజ్జీల నూనె, లారీల పొగ కలిసి పట్టుకుంటే వేడినీళ్లకు తప్ప లొంగేది కాదు. సూర్యాపేటది ఎర్రమన్ను. పాపం అది మంచిది, నీళ్లు చల్లగానే జారిపోతుంది. కాకపోతే గంట తిరక్కుండానే మళ్లీ వచ్చి కూర్చుంటుంది.

ఇప్పుడామె పని సూర్యాపేటలోనే, హైవే పక్కన దామోదర్ రెడ్డి కొత్తగా పెట్టిన బైకుల షోరూములో. ముందువైపు గోడే లేదు, నేల నుంచి కప్పు దాకా అంతా గాజు. బక్కమ్మ పెన్‌పహాడ్ నుంచి మొదటి బస్సుకు దిగి, ముందు నీళ్లు కొట్టి మన్ను జారనిచ్చి, తర్వాత చుక్క సబ్బునీళ్లతో తుడిచి, రబ్బరు కర్రతో పైనుంచి కిందికి లాగి, చివరికి పాత పేపరుతో మెరుగు పెడుతుంది. దామోదర్ రెడ్డి రావడమే కళ్లు చికిలించుకుని వస్తాడు. ఎంత తుడిచినా ఏదో ఒక మూల వేలు పెట్టి చూపించాల్సిందే.

"మూల మిగిలింది బక్కమ్మా."

మిగిలిన రోజూ అంటాడు, మిగలని రోజూ అంటాడు. ఆయనకదో అలవాటు. ఆమె కూడా గుడ్డ తీసుకుని ఆ మూల ఇంకోసారి రుద్దుతుంది, గొడవ వదిలిపోతుంది.

అసలు గొడవ గాజుతో కాదు, ఇంట్లో పెరుగుతున్న పొట్టేలుతో వచ్చింది.

రెండేళ్ల కింద బక్కమ్మ మొగుడు ఐలన్నకు గొర్ల మంద కాడ పాము కరిచింది. మూడు రోజులు దవాఖానలో కన్ను తెరవలేదు. మనిషి నడుచుకుంటూ ఇంటికొస్తే పెద్దగట్టు జాతరలో చౌడమ్మకు పొట్టేలునిస్తానని బక్కమ్మ ఆ వరండాలోనే కూర్చుని మొక్కుకుంది. మనిషి నడుచుకుంటూనే వచ్చాడు. ఆ వారమే మందలో పుట్టిన పొట్టేలు పిల్లను మొక్కు కోసం విడిగా కట్టి, చేత్తో మేపి, లింగడని పేరు పెట్టుకున్నారు. మొక్కు జీవానికి దెబ్బ తగలొద్దు, అమ్మవారి ముందుకు పోయేలోపు నెత్తురు చుక్క పడొద్దని ఐలన్న తల్లి పోయేదాకా చెబుతూనే ఉండేది. నెత్తురు పడితే మొక్కు ముట్టదట. మొక్కు ముట్టకపోతే బతికించి ఇచ్చిన మనిషిని అమ్మవారు వెనక్కి అడుగుతుందేమోనని బక్కమ్మ భయం. ఆ మాట పైకి అనడానికి కూడా ఆమెకు నోరు రాదు.

జాతర ఇంకో నెల ఉందనగా ఇంటికి సున్నం వేయాలని బీరువాను వాకిట్లోకి తెచ్చి పెట్టారు. లింగడు అటుగా వచ్చాడు. బీరువా అద్దంలో ఇంకో పొట్టేలు కనబడింది. రెండడుగులు వెనక్కి వేశాడు. అంతే, అద్దం భళ్లున పగిలింది. అదృష్టం బాగుండి కొమ్ములే తగిలాయి, చర్మం తెగలేదు. ఐలన్న "నా పొట్టేలు మొగోడే" అని మీసం దువ్వుకున్నాడు. బక్కమ్మ మాత్రం పెంకులు ఏరుతూ షోరూము గాజునే తలుచుకుంది. ఊరి పొట్టేళ్లన్నీ డప్పులతో జాతర జరిగే దురాజ్‌పల్లి గట్టుకు పోయే బాట షోరూము ముందునుంచే. ఆ గాజు ముందు బీరువా అద్దం ఎంత! పైగా దాన్ని రోజూ తళతళలాడించేది తనే.

ఆ రాత్రి మొగుడితో చెప్పింది. "ఇగో, ఇను. జాతర నాడు మన లింగన్ని ఎనక బాటన తోలుకపో. గా షోరూం మొకాన తేకు."

ఐలన్న నవ్వాడు. "ఏమే, ఊరు ఊరంతా డప్పులతోటి పోతుంటే నేనొక్కన్ని సందులల్ల పడి పోవాల్నా? మొక్కు పొట్టేలును దొంగతనంగ తోలుకపోతరా?"

దామోదర్ రెడ్డి దగ్గరా అడిగి చూసింది. "సారూ, గా ఒక్క దినం షెట్టర్ దించుదాం. పొట్టేళ్లొస్తయి. గాజుల తమను తామే సూసుకొని కుమ్ముతయి."

"పొట్టేళ్లకు భయపడి షెట్టర్ దించాల్నా? నవ్వుతరు బక్కమ్మా. లక్షమంది పోయే బాట. కొత్త బండ్లన్నీ ముందటనే పెడుతున్న. ఆ దినం గాజు ఉన్నట్టే తెల్వొద్దు, సూడు మరి."

ఇక నెలంతా ఆమెకు తిండి సయించలేదు. తుడుస్తున్నంతసేపూ గాజులో తన ముఖం కనబడేది, దాని పక్కనే లింగడి కొమ్ములు కనబడినట్టయ్యేది. గుడ్డ వదిలేసి నిలబడిపోయేది. మళ్లీ తుడిచేది. పని సగం చేసి వదిలేయడం చేతకాని మనిషి, ఏం చేస్తుంది?

జాతర ఆదివారం రానే వచ్చింది. పొద్దున్నే గాజును ఎప్పటికన్నా బాగా తుడిచింది. ఎండ ఎదురుగా పడేసరికి రోడ్డూ, లారీలూ, ఆకాశం అన్నీ గాజులో నిలబడ్డాయి. దామోదర్ రెడ్డి తెల్లచొక్కాతో వచ్చి, అటు నుంచి ఇటు దాకా చూసి, మొదటిసారి ఏ మూలా చూపించకుండా లోపలికి వెళ్లాడు. బక్కమ్మ రోడ్డు మలుపు వైపు చూసింది.

తొమ్మిదింటికి డప్పులు వినబడ్డాయి. "ఓ లింగా, ఓ లింగా" అని గట్టు మీది దేవుణ్ని పిలుస్తూ పెన్‌పహాడ్ జనం మలుపు తిరిగారు. ముందు బోనాల ఆడవాళ్లు, వెనక గజ్జెల లాగులు తొడిగిన మగవాళ్లు, ఆ వెనక పొట్టేళ్లు.

బక్కమ్మ ఇంకేం ఆలోచించలేదు. మెట్ల పక్కన పూలకుండీలోంచి రెండు పిడికిళ్లు మన్ను తీసి బకెట్ నీళ్లలో కలిపి, తను తుడిచిన గాజు మీదికి తనే విసిరికొట్టింది. ఇంకో బకెట్ కలిపి మళ్లీ కొట్టింది. ఎర్రటి బురద కొత్త బండ్లకు అడ్డంగా తెరలా జారింది.

దామోదర్ రెడ్డి పరుగెత్తుకొచ్చాడు. "పిచ్చి లేసిందా నీకు? ఏం జేస్తున్నవ్?"

"సారూ, మీ కాళ్లు మొక్కుత, జర ఆగుండ్రి. పోయినంక నేనే తుడుస్త."

"జనం పోయినంక తుడిచి ఎవనికి సూపిస్తం?" అంటూ ఆయనే గుడ్డ లాక్కుని నడుమెత్తున బురదను తుడిచిపారేశాడు. కిటికీ అంత మేర గాజు మళ్లీ తళుక్కుమంది.

సరిగ్గా అప్పుడే ఐలన్న పగ్గం పట్టుకుని ఎదురుగా వచ్చాడు. లింగడు ఆగిపోయాడు. మెడ దించాడు. రెండడుగులు వెనక్కి వేశాడు.

"పట్టుకో!" అని అరిచింది బక్కమ్మ. ఐలన్న చేతిలోంచి పగ్గం అప్పటికే జారిపోయింది. ఆమె గాజుకు అడ్డంగా వచ్చి, కొంగు రెండు చేతులతో చాపి నిలబడింది. పొట్టేలు సూటిగా వచ్చి తొడ మీద గుద్దింది. వీపు వెళ్లి గాజుకు తగిలితే అద్దమంతా గుమ్మని మోగింది. పగల్లేదు. బక్కమ్మ రెండు కొమ్ములూ దొరకబుచ్చుకుని అలాగే కూలబడిపోయింది.

ఐలన్న ఉరికి వచ్చి పగ్గం అందుకున్నాడు. "దెబ్బ తాకిందానే?"

"నాకు గాదు, దానికి సూడు. నెత్తురొచ్చిందా సూడు ముందుగాల!"

ఇద్దరూ లింగడి నుదురు, కొమ్ముల మొదళ్లు వేళ్లతో తడిమి తడిమి చూశారు. పసుపు చెదిరింది తప్ప ఎక్కడా చర్మం తెగలేదు. అప్పుడు బక్కమ్మకు ఏడుపొచ్చింది. నడిబజారులో, అంతమంది చూస్తుండగా, నెలరోజుల ఏడుపూ ఏడ్చింది.

"నడువు నువ్వు, నేనొస్త" అని మొగుణ్ని పంపించి, గాజును పట్టుకుని మెల్లగా లేచింది. తొడ మంటలెత్తుతోంది. దామోదర్ రెడ్డి ఇంకా గుడ్డ పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాడు. మలుపు దగ్గర ఇంకో ఊరి డప్పులు మొదలయ్యాయి, వాటి వెనక ఇంకో మంద.

ఆయన గుడ్డ కింద పడేశాడు. తెల్లచొక్కా చేతులు మోచేతుల దాకా ఎక్కించుకుని, కుండీలో చేయి పెట్టి మన్ను తీసి బకెట్లో కలిపాడు. తను తుడిచిన మేరంతా తనే బురద పూశాడు, ఆత్రంగా, చేతికి అందినంత పైదాకా. డప్పులు దగ్గరపడ్డాయి.

బక్కమ్మ కుంటుతూ రెండడుగులు వెనక్కి వేసి, కళ్లు చికిలించి గాజు అటు నుంచి ఇటు దాకా చూసింది.

"సారూ," అంది వేలు పెట్టి చూపిస్తూ, "గా మూల మిగిలింది."